మోరీ పక్కన గునుగుపూలు

మా ఇంటి వెనక ఒక తోట ఉండేది. తోట అనగానే మామిడిచెట్లూ బావీ ఊహించుకోకండి. సూరత్‌లోని డిండోలిలో మా గది వెనక గోడకూ హద్దు గోడకూ నడుమ, ఒక మంచం వాల్చితే ఇక మనిషి నిలబడడానికి చోటు మిగలనంత మట్టి పట్టీ. ఇంటి వెనక జాగాను గుజరాతీ వాళ్లు వాడో అంటారు. మేమూ అదే అంటాం. ఊరి వాళ్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం నేను దాన్ని తోట చేసేవాణ్ని. ఒకసారి మాటల ఊపులో అందులోకి నెమలి కూడా వచ్చి వాలింది. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి ఆ నెమలి చాలాకాలం అక్కడే ఉండిపోయింది.

నెమలి సంగతి ఎలా ఉన్నా గునుగు మాత్రం నిజం. దాన్ని మేము నాటలేదు. ఏటా బతుకమ్మకు ముందు మా తెలంగాణ వైపు నుంచి వచ్చే ప్రైవేటు బస్సుల టాపుల మీద గునుగు బస్తాలూ తంగేడు బస్తాలూ సూరత్‌లో దిగుతాయి. ఒక ఏడు పండగ అయిపోయాక నా భార్య ఖాళీ బస్తాను వాడోలో దులిపి గోడ మీద ఆరేసింది. మళ్లీ వానలు పడేసరికి మొలకలు లేచాయి. గడ్డి అనుకుని నేను పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పెళ్లికి ముందు మక్కచేలలో కలుపు తీసి తీసి, ఆ గునుగునే తిట్టుకుంటూ పెరిగిన మనిషి. సూరత్‌కు వచ్చాక అదే గునుగుకు కాపలా కాసింది.

ఆ కాపలా మామూలుది కాదు. పండగకు పూలు కోసేటప్పుడు మూలనున్న బలమైన మొక్కల జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు. అవి నిలబడే ఎండాలి, గింజ అక్కడే రాలాలి. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కొసన ఇంకా గులాబీ రంగు ఉండగానే అడుగున గింజలు నల్లబడతాయి, వేలు తగిలితే చాలు జారిపోతాయి. దీపావళి దాటేదాకా వాడోలో చీపురు ముట్టనిచ్చేది కాదు. ఇంటికొచ్చిన ఆడవాళ్లు "ఏందక్కా, ఎనక గింత గలీజుగున్నది" అంటే, "గింజలు పండుకున్నయి, లేపకుండ్రి" అనేది.

కరోనా అన్నది ఇంకా టీవీలో ఎక్కడిదో దూరదేశపు కబురుగా ఉన్న రోజుల్లో ఆమె ఊరికి పోయింది. మా బిడ్డకు రెండో పురుడు. అల్లుడు దుబాయిలో ఉన్నాడు. కోరుట్ల దగ్గరి ఆ పల్లెలో పురిటి మనిషిని చూసుకోవడానికి మరెవరూ లేరు. ఉధనా స్టేషన్లో రైలెక్కి, కిటికీలోంచి ముఖం బయటపెట్టి, "ఉగాది దాటినంక వస్త. నేను లేనని వాడోల సిమెంటు గిట్ల పోయించకు" అంది. నాకు అప్పగింతలు అవే.

ఉగాది వచ్చేసరికి రైళ్లు ఆగిపోయాయి.

సాంచాలు ఆగిన మొదటి పొద్దున నాకు చెవులు పోయాయనుకున్నాను. మరమగ్గాలను మేము సాంచాలంటాం. వాటి టకటక తప్ప మరో చప్పుడు ఎరగని మా బస్తీలో, పక్కింటి బిందెలో నీళ్లు నిండడం వినిపించింది. మా గల్లీలో సగంమంది దొరికిన బండి ఎక్కి ఎలాగోలా ఊళ్లకు పోయారు. నేను పోలేదు. సాంచా వదిలి పోయినవాడికి తిరిగొస్తే సాంచా దొరుకుతుందన్న నమ్మకం లేదు. అదీకాక ఆమె వస్తుంది కదా అనుకున్నాను. తాళం వేసిన ఇంటికి ఎవరైనా ఎందుకొస్తారు?

ఆ వానాకాలం నాకు వాడో తప్ప వేరే లోకం లేదు. కార్ఖానా తెరిచారన్న మాటే గాని వారంలో సగం రోజులు ఇంట్లోనే. గునుగు మోకాలిదాకా లేచింది. లేత ఆకు కోసి పప్పులో వేసుకుని తినేవాణ్ని. మోకాలెత్తు మొక్క గురించి ఫోన్లో ఎంతసేపు మాట్లాడగలం? అందుకని దాన్ని పెంచాను.

"నీ గునుగు మీద నిన్న లుంగి ఆరేసిన. పొద్దుగాల లేచి చూస్తె లుంగి లేదు. తలెత్తి చూసిన. చెట్టుతోని పాటు మీదికి పోయింది. నిచ్చెనేసుకోని దించుకున్న."

అటు నుంచి పసివాడి ఏడుపు వినపడింది.

"ఆ లుంగి ఉతికినవా, ఉత్తగనే ఆరేసినవా?" అంది.

"ఉతికిన."

"సబ్బు వెట్టినవా?"

ఆమెతో అదే చిక్కు. నా గప్పాలను ఎన్నడూ కాదనదు. వాటి పక్కనుంచి నడిచిపోయి లోపలున్న మనిషిని పట్టుకుంటుంది. ఇంకోసారి, జనాన్ని కనిపెట్టడానికి తిప్పుతున్న డ్రోను మా గునుగు చూద్దామని కిందికి దిగి పూలలో చిక్కుకుపోయిందని చెప్పాను. "దానికి గూడ నీ లెక్కనే పని లేనట్టున్నది. బియ్యం ఉన్నయా?" అంది. ఫోను పెట్టేశాక వాడోలో గడప మీద కూర్చుని, ఆమె అడిగిన మాటలే పైకి అనుకునేవాణ్ని. సబ్బు వెట్టినవా. బియ్యం ఉన్నయా. ఎన్నిసార్లు అన్నా ఆ గొంతు నాకు వచ్చేది కాదు.

హద్దు గోడకు అవతల ఒక గుజరాతీ ముసలామె ఉంటుంది. గల్లీ అంతా ఆమెను బా అని పిలుస్తుంది. ఆమెకు మా గునుగు కంటగింపు. "భాయ్, యే ఘాస్ నికాలో, మచ్ఛర్ హోతా హై" అని గోడ మీదుగా రోజూ ఒక కేక వేసేది. దోమల విషయంలో బాతో వాదించి గెలిచినవాడు లేడు. ఒకనాడు నేను గొంతు తగ్గించి, మా తెలంగాణలో ఈ పువ్వు ఏ ఇంటి గోడకు ఆనుకుని పెరుగుతుందో ఆ ఇంటి కోడలు అత్తకు ఎదురు మాట్లాడదని హిందీలో చెప్పాను.

"సచ్చీ?" అంది బా.

"మా ఊళ్లో అత్తలందరూ దీన్ని ఊరికే పెంచుతున్నారా?" అన్నాను.

మర్నాటి నుంచి దోమల ఊసు లేదు. పైగా తన వైపు నుంచి గోడ మీదుగా మగ్గుతో నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఆ ముచ్చట చెబితే నా భార్య నమ్మలేదు. మనిషి నోట నిజం, గప్పం ఒకే బస్తాలో వస్తే ఇదే గతి.

బతుకమ్మ దగ్గరపడింది. రైళ్లు ఒకటీ అరా నడుస్తున్నాయి గాని పూలబస్తాలు తెచ్చే బస్సులు ఇంకా లేవు. గల్లీలో మిగిలిన ఆడవాళ్లు కొద్దిమందే. వాళ్ల తరఫున ఎదురింటామె వచ్చింది. నా భార్యను అక్కా అంటుంది కాబట్టి నన్ను బావా అంటుంది. ఆ వరసను ఏనాడూ వృథా పోనివ్వలేదు.

"బావా, నీ తోట సూద్దామని వచ్చిన. నెమలి ఉన్నదా?"

"దానికి గూడ లాక్‌డౌనే. బయటికి వస్తలేదు."

"గట్లనే ఉండనియ్యి. మాకు పూలు గావాలె. తోట నీదే గని గునుగు అక్కది. అక్కనడుగు."

అడిగాను. మూలనున్నవి వదిలి మిగతావన్నీ కోసుకొమ్మంది. ఫోను పెట్టేసే ముందు, "నేనొచ్చినంక నా చేతుల్తోని కోద్దామనుకున్న" అంది.

గునుగును తెల్లగా పేరిస్తే బతుకమ్మకు అందం రాదు, రంగులద్దాలి. ఆ ఏడు రంగు తెచ్చే బాధ్యత ఎదురింటామె పెనిమిటి నెత్తిన వేసుకున్నాడు. అతను పాండేసరాలో రంగుల మిల్లులో పనిచేస్తాడు. అక్కడ మిగిలిన పొడి తెచ్చి బకెట్లలో కలిపి, "సూడుండ్రి, సూరత్ చీర లెక్క మెరుస్తది" అన్నాడు. ఆడవాళ్లు కట్టలు కట్టలుగా ముంచారు, తీశారు. గునుగు తెల్లగానే ఉంది, కొసల్లో కాస్త మురికి నీలం. ముంచిన చేతులు మాత్రం మోచేతులదాకా నీలమూ ఆకుపచ్చా. అది పాలిస్టరు రంగు. మూత బిగించిన యంత్రంలో సలసల మరిగిస్తేగాని ఎక్కదు. గుడ్డ తట్టుకుంటుంది, పువ్వు ఎక్కడ తట్టుకుంటుంది? జీవితమంతా ఆ రంగుల్లోనే ఉన్న మనిషికి ఆ సంగతి తెలియక కాదు. బకెట్టు చుట్టూ ఆడవాళ్లు ఆశగా నిలబడేసరికి మరిచిపోయాడు.

"మా ఆయినెకు పువ్వయినా బట్టతానయినా ఒక్కటే" అంది ఆమె నీలం చేతులు అందరికీ చూపిస్తూ. "నయం, పువ్వులను ఉడుకవెట్టలే."

గుంపులు కూడొద్దన్నారు కాబట్టి తపతి నదికి పోయే వీలు లేదు. ఆడవాళ్లు ఎడం ఎడంగా నిలబడి గల్లీలోనే ఆడారు. నిమజ్జనానికి మిల్లు మనిషే ఒక పెద్ద నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చి నీళ్లు నింపాడు. బతుకమ్మలు అందులో దిగాయి గాని మునగలేదు. ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని పైకే చూశాయి. ఎవరూ నవ్వలేదు. పారే నీళ్లలో దూరంగా పోతున్న తల్లిని చూసి దండం పెట్టే అలవాటున్న వాళ్లు, డ్రమ్ము మూతి దగ్గరే ఆగిపోయిన తల్లికి ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక నిలబడ్డారు.

మర్నాడు నేనూ ఆ మిల్లు మనిషీ డ్రమ్మును వంచాం. అమ్మవారి నీళ్లు మురుగు పారే మోరీలో కలవకూడదు. అందుకని మోరీకి ఇవతల, గోడల వెంబడి ఉన్న మట్టి మీద, మా గుమ్మం నుంచి కిరాణా కొట్టుదాకా డ్రమ్మును లాక్కుంటూ కొంచెం కొంచెంగా పోశాం. పూలూ అక్కడే పడ్డాయి, అక్కడే ఎండాయి.

నా భార్య దీపావళికి వస్తానంది. పసివాడికి బాగుండక ఆగిపోయింది. చలి తగ్గాక వస్తానంది. అంతలో కరోనా రెండో విడత వచ్చిపడింది. ఆ ఎండల్లో మా గల్లీలో మనుషులు పోయారు. వాళ్ల మీద నేను కథలు అల్లను. ఆ తర్వాత ఫోన్లో ఆమె మాట తీరు మారింది.

"ఇగో, నువ్వే రారాదు. సిరిసిల్లల గూడ సాంచాలున్నయి. గదిని కిరాయికిద్దాం. బిడ్డ ఒక్కతే అయితున్నది."

అందులో తప్పేముంది? బిడ్డ ఒంటరిగా ఉన్న మాట నిజం, నేను ఒంటరిగా ఉన్న మాటా నిజం. కాని మా కాపురం అంతా ఈ గల్లీలోనే జరిగింది. ఆమె ఇక రానంటే అది ఇక్కడితో అయిపోయినట్టే. నేను తాళం వేసి పోయినా అయిపోయినట్టే. "నువ్వు లేక ఉండలేకపోతున్నా, రా" అని అడిగేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాట నా నోట రాదు. నాకు చేతనైంది గప్పాలు కొట్టడం. ఏదో ఒకటి చెప్పి ఆమెకే ఇక్కడికి రావాలనిపించాలి. అందుకు నా దగ్గర గునుగు తప్ప సరుకు లేదు.

మళ్లీ వానలు పడ్డాయి. ఒక పొద్దున కార్ఖానాకు పోతుంటే మోరీ పక్కన ఎర్రటి కాడలు కనిపించాయి. వంగి చూసి, తలెత్తి గల్లీ పొడుగునా చూశాను. డ్రమ్ము నీళ్లు పోసిన చోటల్లా గునుగే. కరెంటు స్తంభం మొదట్లో, ఇటుకల సందులో, కదలని మోటారుసైకిలు కింద. ఏటా తపతిలో కొట్టుకుపోయే గింజ ఆ ఒక్క ఏడు మా గల్లీలోనే ఉండిపోయింది.

అక్కడే నిలబడి ఫోను చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంటే బాగుండేది. సంతోషంలో నోరు ఆగలేదు.

"గల్లీ నిండ గునుగు మొలిచింది. మొలకలే నీలంగ లేస్తున్నయి. పోయినేటి మిల్లు రంగు గింజకు వట్టినట్టున్నది. ఇగ మనకు రంగుల ముంచే పనే లేదు."

"నీలం?"

"నీలమే. కొన్ని ఆకుపచ్చ."

"మొలకలు ఆకుపచ్చగనే ఉంటయి" అంది. "గల్లీల గునుగు ఎట్ల మొలుస్తది? మోరి మీద ఎవ్వలు మొలవనిస్తరు? నేను లేక నీ నోటికి అడ్డమే లేకుంటయింది."

ఫోటో పంపాను. ఊళ్లో ఎవరో తీసిన ఫోటో అంది. ఇంకోటి పంపాను. "ఆ గోడ మనది గాదు" అంది. అది మనదే. రెండు వానాకాలాలకు పాకురు పట్టి నల్లబడింది. తన ఇంటి గోడను ఆమె గుర్తుపట్టకపోవడం నా గప్పం వల్ల జరిగింది కాదు. ఆ రోజు పనిలో రెండుసార్లు దారం తెగింది, నేను చూసుకోలేదు.

తర్వాత ఫోను చేసినప్పుడల్లా గునుగు మాట ఎత్తడం మానేశాను. మొక్కలను మాత్రం వదల్లేదు. కిరాణా అతనికి ఒక కథ, మోటారుసైకిలు ఆసామికి ఒక కథ చెప్పి, ఒక్క మొక్క పీకకుండా కాపాడాను. మోరీ శుభ్రం చేసేవాళ్లు వచ్చిన రోజు నేను పనిలో ఉన్నాను. బా కుర్చీ వేసుకుని మోరీ పక్కనే కూర్చుని వాళ్లను ఆకు ముట్టనివ్వలేదట. ఆమె కోడలు ఈ మధ్య ఆమెతో మాట్లాడడమే మానేసింది. అదంతా పూల మహిమని బా నమ్మకం.

సద్దుల బతుకమ్మ నాటికి గల్లీ లేత గులాబీ రంగుకు తిరిగింది. గాలి వస్తే కంకులన్నీ ఒక వైపు వాలి లేచేవి. ఊళ్లకు పోయినవాళ్లు చాలామంది తిరిగొచ్చారు. పూలు కోయడానికి గంపతో వచ్చిన ఎదురింటామె నా చేతిలో ఫోను లాక్కుని వీడియో కాల్ కలిపింది.

"అక్కా, బావను నమ్మకు గని నన్ను నమ్ము. ఇగ సూడు" అంటూ ఫోనును గల్లీ పొడుగునా తిప్పుకుంటూ నడిచింది. నేను ఆమె భుజం వెనక నడుస్తూ తెర వైపు చూశాను. నా భార్య చిక్కింది. పాపిట దగ్గర తెల్లబడింది. ఆమె చూస్తున్నది నన్ను కాదు, గల్లీని. స్తంభం, ఇటుకలు, కిరాణా కొట్టు మెట్లు. ఒక్కోచోట "ఆగు, ఆగు" అంటూ ముఖం దగ్గరికి తెచ్చింది.

"నీలం ఏడున్నది?" అంది చివరికి.

"వానకు వెలిసిపోయింది" అన్నాను వెనక నుంచి.

ఆమె నవ్వింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. నేను పక్కకు తిరిగి కాసేపు కిరాణా కొట్టు బోర్డు చదివాను.

పొద్దు వాలాక ఆట మొదలైంది. "ఫోను నడిమిట్ల వెట్టుండ్రి, అక్క గూడ ఆడుతది" అని ఎవరో అన్నారు. బతుకమ్మల పక్కన పీట మీద చెంబుకు ఆనించి ఫోను నిలబెట్టారు. మగవాళ్లం గుమ్మాల మీదికి జరిగాం. ఆమెకు అక్కడి నుంచి చీర కుచ్చిళ్లూ, కాళ్లూ, కాస్త ఆకాశం తప్ప ఏం కనబడి ఉంటుంది? అయినా పాటకు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు అందరివీ పడ్డాక, ఒక్క రవ్వ ఆలస్యంగా, పీట మీద నుంచి వినపడేవి. అన్ని చేతుల నడుమా నేను వాటి కోసమే చెవి పెట్టి కూర్చున్నాను.

ఆట అయ్యాక తపతికి టెంపో వచ్చింది. ఆ ఏడు నదికి పోవచ్చు. గంపలు ఎత్తుతుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"డ్రమ్ములనే వేద్దాం. నదిల వేస్తె గింజ పోతది. వచ్చే ఏడు గల్లీల పువ్వుండది."

"పోయినేడు దిక్కులేక డ్రమ్ముల వేసినం బావా" అంది ఎదురింటామె. "ఈసారన్న తల్లిని పారే నీళ్లల్ల పోనియ్యవా?"

నేను కదల్లేదు. గల్లీలో గునుగు లేకపోతే నా భార్యను ఏం చెప్పి పిలవాలి? అది వాళ్లకు చెప్పుకునే మాట కాదు. అప్పుడు పీట మీద నుంచి ఆమె గొంతు వినపడింది. ఫోను కట్ చేయడం అందరమూ మరిచిపోయాం.

"అడ్డం జరుగు. తల్లి నీళ్లకు పోవాలె. మోరి పొంటి కొయ్యనియి ఉన్నయి గద, అవి చాలు. అయ్యే ఎండి గింజ రాలుస్తయి."

నేను పక్కకు జరిగాను. గంపలు టెంపో ఎక్కాయి. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది, ఎవరితోనో కాదు, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు.

"అన్ని గింజలు ఒక్కకాడ రాలితె గుబురుగ లేస్తయి. ఒక్కటీ బలంగ రాదు. మొలకప్పుడే పలుచన చెయ్యాలె. ఏది ఉంచాలె ఏది తియ్యాలె మీకు తెల్వది." చివరికి తనే అంది: "మిరుగుకు వస్త. అల్లుడు గూడ అప్పటికి వస్తనంటున్నడు."

మిరుగు అంటే మృగశిర కార్తె, వానలు మొదలయ్యే కాలం.

"నిజంగనా?" అన్నాను పీట ముందు గొంతుక్కూర్చుని.

"నేను నీ లెక్క గాదు" అంది.

ఆ చలికాలమంతా గల్లీలో కనపడినవాడికల్లా ఆమె వస్తోందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. కార్ఖానాలో ఆ మాట మొదలుపెట్టగానే పక్క సాంచా అతను నవ్వి, "ఈసారి కథ జర చిన్నగున్నది" అన్నాడు. బా ఒక్కతే నమ్మింది. దాంతో నాకు మరీ భయం వేసింది.

ఎండలు ముదిరాయి. మోరీ పక్కన ఎండిన కాడలు విరిగి పడ్డాయి. వాటి కింద మట్టి మట్టిలాగే ఉంది. అల్లుడు దుబాయి నుంచి దిగాడని బిడ్డ చెప్పింది. మిరుగుకు ఇంకా కొన్ని రోజులుందనగా ఒక మధ్యాహ్నం దుమ్ము లేచి, ఒక వాన గట్టిగా కొట్టిపోయింది. ఆ వారంలోనే గల్లీ పొడుగునా మొలకలు, ఆమె చెప్పినట్టే, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. ఫోను చేసి చెప్పాను. ఈసారి ఒక్క రంగు కూడా కలపలేదు.

"ముట్టకు" అంది. "టికెట్ తీసుకున్న."

ముట్టలేదు. పొద్దున పనికి పోతూ, సాయంత్రం వస్తూ ఆగి చూసేవాణ్ని. గుబురుగా, సన్నగా, ఊపిరాడనట్టు ఉన్నాయి. కొన్నింటిని తీసేస్తే మిగిలినవి బాగుపడతాయని నాకూ కనపడుతూనే ఉంది. కార్ఖానాకు ఆలస్యమయ్యేది. నా చేతులు నేను వెనక్కి కట్టుకుని నడిచేవాణ్ని.